ఉప్పులేని సద్దితో తాండూరుకు

తాండూరు వెళ్ళొచ్చానని తెలిసిన ప్రతి ఒక్కరూ "కందిపప్పు తెచ్చావా?" అని అడుగుతున్నారు. నేను పనిచేసే స్కూల్లో పెద్ద టీచరమ్మ అడిగింది. పక్కింటావిడ గిన్నె పట్టుకునే వచ్చింది. పాలు పోసే ఆయన కూడా అడిగాడు. తేలేదు. నేను వెళ్ళింది చెల్లెల్ని చూడ్డానికని వీళ్ళందరికీ తెలుసు. చెల్లెలెట్లా ఉందని ఒక్కరూ అడగలేదు. అందుకే కోపమొచ్చి ఇది రాస్తున్నాను. తాండూరు పప్పు ఎంత కమ్మగా ఉంటుందో తెలుసుకోవాలనుకునేవాళ్ళు ఇది చదవనక్కర్లేదు. ఆ ఊళ్ళో నేను పప్పన్నం తిన్నది ఒకే ఒక్క ముద్ద. గొడవంతా ఆ ముద్ద దగ్గరే మొదలైంది.

ముందు నా సంగతి చెప్పాలి. నాకు మూత్రపిండాల జబ్బు. మూడేళ్ళ కింద కాళ్ళు వాచి, పొద్దున లేచేసరికి కళ్ళు తెరుచుకోనంతగా మొహం ఉబ్బితే పెద్ద దవాఖానకు పోయాను. డాక్టరు కాళ్ళు నొక్కి చూసి, "దీనికి మందంటూ లేదమ్మా. ఉప్పు పూర్తిగా మానెయ్యి, నీళ్ళు కొలిచి తాగు. నోరు కట్టుకుంటే కొన్నేళ్ళు లాగొచ్చు" అన్నాడు. నోరు కట్టుకున్నాను. లాగుతున్నాను. మా నాయన ఈ ఉబ్బుతోనే పోయాడు. నేను పత్యం మొదలుపెట్టిన ఏడాదికి మా ఆయన టైఫాయిడ్‌తో పోయాడు. ఇక మిగిలింది నేనూ, తాండూరులో ఇచ్చిన చెల్లెలు రాజి.

ఈ వేసవిలో రాజికీ కాళ్ళు వాచాయి. దాన్ని హైదరాబాద్ పిలిపించి నా డాక్టరుకే చూపించాను. నాకు చెప్పిందే దానికీ చెప్పాడు. పత్యం ఎట్లా వండాలో నేర్పించి పంపాను. "పత్యం మంచిగ నడుస్తున్నది" అని మరిది వీరేశం జాబు రాశాడు. కానీ మా వీధిలో బట్టల దుకాణం ఆయన తాండూరు పోయి వచ్చి, "మీ చెల్లె మొహం అచ్చం మీ నాయన మొహం లెక్క అయ్యిందమ్మా" అని చెప్పాడు. ఉప్పు మానేసినా వాపు పెరుగుతోందంటే ఇక చేసేదేమీ లేదని అర్థం. ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. దసరా సెలవులు రాగానే బయల్దేరాను.

నాంపల్లి రైల్లో

ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. దొరక్కపోతేనే బాగుండేది. శంకర్‌పల్లి వచ్చేలోగా నాకు వైద్యం చెయ్యని ఆడది ఆ పెట్టెలో లేదు. ఒకావిడ కొండపిండాకు కూర వండుకొమ్మంది. ఒకావిడ ఉలవకట్టు తాగమంది. మూడో ఆమె నా పాదం మీద వేలుతో నొక్కి, గుంత పడటం చూసి, పక్కామెకు కూడా చూపించింది. పిలిచి చూపించడానికి నా కాలేమన్నా బొమ్మల పెట్టెనా? ఎద్దు పుండు కాకికి నొప్పా అని ఊరికే అనలేదు.

అందరికంటే ఎక్కువ కోపం తెప్పించింది మంచినీళ్ళు. మనవాళ్ళకు ప్రేమ వస్తే ముందు చెంబు అందిస్తారు. "నాకు లెక్క ఉందమ్మా, తాగకూడదు" అంటే, "నీళ్ళకు గూడ లెక్కనా?" అని ఆశ్చర్యపోతారు. గొంతు ఎండిపోతుంటే వద్దనడం ఎంత కష్టమో ఆ అందించేవాళ్ళకేం తెలుసు. నేను ఎదుటివాళ్ళ చెంబులోకి చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

బయల్దేరే ముందు మా పెద్ద టీచరమ్మ పేపర్లో చదివిన సంగతి చెప్పింది. దూరదేశంలో ఎక్కడో కవలల్లో ఒకడి మూత్రపిండం తీసి రెండోవాడికి పెడితే ఇద్దరూ బతికారట. "చూశావా, లోకం ఎంత ముందుకు పోయిందో!" అని సంబరపడింది. ఆ లోకమేదో నాకు తెలియదు. నాకు తెలిసిన లోకంలో కడుపులోంచి కాయ కోసి ఇవ్వమని ఎవర్నీ అడగలేదు. చిటికెడు ఉప్పు తీసెయ్యమని అడిగాను. దానికే ఎంత యుద్ధమైందో ముందు ముందు చెప్తాను.

వికారాబాద్‌లో తాళం

వికారాబాద్‌లో దిగాలని నేను అనుకోలేదు. వాపు తీయడానికి డాక్టరు ఇచ్చిన మాత్ర ఒకటుంది. అది వేసుకుంటే గంటలో నాలుగుసార్లు లేవాలి. ప్రయాణమని తెలిసీ పొద్దున వేసుకున్నాను, ఎందుకంటే వేసుకోకపోతే చెప్పుల్లో కాళ్ళు పట్టవు. మా పెట్టెలో మరుగుదొడ్డి ఉంది గానీ దాని నిండా ఎవరో ఉల్లిగడ్డ బస్తాలు పేర్చారు. బస్తాలకు టికెట్ లేదు, నాకుంది. అయినా గెలిచింది బస్తాలే.

వికారాబాద్ స్టేషన్లో ఆడవాళ్ళ దొడ్డికి తాళం. తాళం చెవి హమాలీ దగ్గరుందన్నారు. హమాలీ చాయ తాగడానికి పోయాడన్నారు. నేను ఆ తలుపు ముందు నిలబడి పళ్ళు బిగపట్టుకుంటే నా వెనక రైలు కూత పెట్టింది. హమాలీ మూతి తుడుచుకుంటూ తీరిగ్గా వచ్చి, "గింతసేపట్ల ఏం మునిగిపోయిందమ్మా?" అన్నాడు. మగవాళ్ళకు ఊళ్ళో ప్రతి గోడా దొడ్డే కాబట్టి వాళ్ళకు ఆ ప్రశ్న పుడుతుంది. నేను బయటికొచ్చేసరికి రైలు చివరి పెట్టె కూడా కనిపించలేదు. బట్టల పెట్టె, సద్ది సంచీ చేత్తో పట్టుకొనే దిగాను కాబట్టి సరిపోయింది.

ఇక మధ్యాహ్నం బండి దాకా వికారాబాదే గతి. గాలి మాత్రం చల్లగా, కడిగినట్టుంది. ఆ గాలి కోసమే కొండ మీద క్షయ ఆసుపత్రి పెట్టారు. స్టేషన్ బయట జట్కా అతను నా మొహం చూసి, "కొండకేనా అమ్మా?" అన్నాడు. కాదంటే నమ్మలేదు. అంతలో మా బండిలోనే వచ్చిన ఒక పడుచువాడు మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని దగ్గుతుంటే జనం బాట వదిలి పక్కకు తప్పుకున్నారు. పాపం అనిపించింది. వెంటనే కుళ్ళు కూడా పుట్టింది. అతని జబ్బుకు ఒక కొండ ఉంది, మంచముంది, సూదిమందుంది. నా జబ్బుకు ఏ కొండా లేదు. మా ఇంటి వంటగదే నా ఆసుపత్రి.

సీతాఫలాల కాలం కావడంతో స్టేషన్ గోడ వెంబడి గంపలు బారులు తీరి ఉన్నాయి. నయాపైసలు వచ్చి ఇన్నేళ్ళయినా అమ్మే ఆమెకు అణాలే నోట్లో తిరుగుతున్నాయి. రెండణాల బేడకు రెండు కాయలంది. మా పుట్టినూరు జనగామలో ఆ సైజు కాయలు బేడకు నాలుగిచ్చేవారు. బేరమాడి మూడు తీసుకున్నాను. మా వైపు కాయలకంటే వీటిలో గింజలు తక్కువ, తీపి ఎక్కువ. అక్కడ నాకు నచ్చింది అదొక్కటే.

బెంచీ మీద కూర్చుని సద్ది విప్పాను. నా సద్ది ఎప్పుడూ ఒకటే. ఉప్పులేని జొన్నరొట్టె, నిమ్మకాయ పిండిన పచ్చిమిరప నూరుడు. పక్కన బీదర్ బండి కోసం కూర్చున్న ఒక ముసలామె కూడా రొట్టె విప్పి, నా ఆకులో మామిడి తొక్కు వెయ్యబోయింది. అడ్డం పెట్టి, ఉప్పు తిననని చెప్పాను. ఆమె నా బోడి నుదురు చూసింది. నా రొట్టె చూసింది. గొంతు తగ్గించి, "ఎవరు పోయిండ్రు బిడ్డా?" అంది.

చావింట్లో దినాలు పోయేదాకా ఉప్పులేని కూడు తింటారు కదా, అదీ ఆమె లెక్క. ఇది నాకు కొత్త కాదు. మూడేళ్ళుగా ఎవరింట్లో విస్తరి ముందు కూర్చున్నా ఇదే మాట. పొద్దుటి నుంచీ పేరుకున్న కోపమంతా నోటికొచ్చింది.

"నేనే పోయిన" అన్నాను.

ముసలామె తొక్కు సీసా పట్టుకుని బెంచీ అవతలి కొసకు జరిగింది. నా సద్ది నేను ప్రశాంతంగా తిన్నాను.

తాండూరు

ధారూరు దాటాక పొలాల గట్లన్నీ బండలే. ముళ్ళకంపకు బదులు నాపరాళ్ళు నిలువునా పాతి కంచె వేసుకుంటారు. ఊళ్ళో నేల, అరుగు, గోడ, చివరికి పశువుల తొట్టి కూడా ఆ బండలతోనే. మా వైపు ఇల్లంతా బండ పరిస్తే దొరవారి గడీ అనుకుంటాం. ఇక్కడ గొర్లు కాసుకునేవాళ్ళ గుడిసెలోనూ బండ నేలే. రాజి వాళ్ళింట్లో చెప్పులు విడిచి ఆ చల్లటి నేల మీద వాచిన పాదాలు పెట్టినప్పుడు ప్రాణం లేచొచ్చింది.

అత్తగారు నాగమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. పెదాలు తడుపుకుని ఇచ్చేశాను. "గదేంది, మా నీళ్ళు పడవా బిడ్డా?" అంది. చెడ్డ మనిషి కాదు. పెద్ద బొట్టు, చేతినిండా మట్టిగాజులు, మనిషి కనపడగానే ఏదో ఒకటి పెట్టాలని చూసే రకం. ఆమె భర్త చిన్నతనంలోనే పోతే, తమ్ముళ్ళ కాళ్ళావేళ్ళా పడి ధాన్యం అమ్మే గంజ్‌లో దుకాణం నిలబెట్టి కొడుకును పెంచిందని పెళ్ళప్పుడే విన్నాను. మొగుడు పోయినా ఆ బొట్టూ గాజులూ ఏమిటని అప్పుడు మావాళ్ళు గుసగుసలాడారు. వాళ్ళది బసవన్న మతమనీ, మొగుడు పోయినా బొట్టు తీయరనీ ఇక్కడికొచ్చాకే తెలిసింది. ఆ ఒక్క విషయంలో మాకంటే వీళ్ళు నయం.

రాజి లోపలి నుంచి వచ్చింది. గుమ్మం పట్టుకుని నడుస్తోంది. కళ్ళు రెండు గీతలు. బుగ్గలు నునుపుగా, మెరుస్తూ, నొక్కితే నీళ్ళొస్తాయేమో అన్నట్టున్నాయి. చివరి రోజుల్లో మా నాయన మొహం అట్లానే ఉండేది. పెద్దగా ఏడవాలనిపించింది. ఏడిస్తే అది బెదిరిపోతుందని తిట్టాను.

"పత్యం చేస్తున్నవా, నాటకాలాడుతున్నవా?"

"ఒట్టక్కా, చప్పిడే తింటున్న. నా గిన్నె వేరు. అత్తమ్మే వండుతది" అంది రాజి.

"నేను వేరే వండి పెడుతున్న బిడ్డా" అని నాగమ్మ కూడా అంది. "తొక్కు ముట్టనిస్తలేను. అప్పడం ముట్టనిస్తలేను. అయినా ఉబ్బు ఎక్కుతనే ఉన్నది. మీ డాక్టరు చెప్పింది ఈమెకు పడ్తలేదు."

గోడ మీంచి కన్నడం మాట్లాడే పక్కింటావిడ తొంగిచూసి "ఊటా ఆయ్తా?" అని పలకరించింది. ఆ ఊళ్ళో అందరికీ రెండు భాషలూ వస్తాయి, రెండింట్లోనూ అడిగేది తిన్నావా అనే. ఆ రాత్రికి నేను తెచ్చుకున్న రొట్టెలే తిన్నాను. డాక్టరు మాట అబద్ధమైతే నా బతుకూ అబద్ధమే కదా అని దిగులు పట్టుకుంది.

గంజ్ వైపు

పొద్దున వీరేశం దుకాణం చూపిస్తానని తీసుకుపోయాడు. గంజ్‌లో పోయినేటి పంట కందులు బస్తాలు బస్తాలు. అడితి వ్యాపారులు గుప్పిట్లో కందులు పోసుకుని, నోట్లో వేసి కొరికి ధర చెప్తారు. సందు మొగదల ఒక హోటలు ముందు మిరపకాయ బజ్జీలు వేస్తున్నారు. ఆ నూనె వాసనకు, పైన చల్లే కల్లుప్పు మెరుపుకు నోరూరింది. చెప్పుకోవడానికి సిగ్గెందుకు? ఉప్పు మానేసినవాళ్ళు ఉప్పును మరిచిపోతారని ఎవరన్నా అంటే నమ్మకండి. నేను మూడేళ్ళుగా కలలో తొక్కులు తింటున్నాను.

"సోమారం నాడు బషీరాబాద్ అవతలికి పోతున్నం వదినె" అన్నాడు వీరేశం. "ఆడ ఒకాయన తాయెత్తు కడ్తడంట. కట్టినంక పత్యం అక్కర్లేదంటున్నరు. అమ్మ మొక్కుకున్నది. అందరి లెక్కనే అన్నీ తినొచ్చు."

"అందరిలాగే తింటే నీ పెండ్లాం దీపావళి చూడదు" అన్నాను.

"మరి పత్యంతోని ఏం తగ్గింది? నువ్వే చూసినవ్ గద."

  అతను నాకోసం పెద్ద సంచీ నిండా కందిపప్పు కట్టించాడు. వద్దంటే వినలేదు.

రాజి గిన్నె

ఇంటికొచ్చి చూస్తే నా రొట్టెల డబ్బా నిండా చీమలు. బండల సందుల్లోంచి దండు కట్టి వచ్చి ఒక్క రొట్టె కూడా మిగల్చకుండా పట్టాయి. చీమలకు ఉప్పుతో పనిలేదన్నమాట. ఆ ఊళ్ళో నా వంట మెచ్చింది అవే.

"ఫికర్ చెయ్యకు బిడ్డా, రాజి గిన్నెల ఇద్దరికి అయితది" అంది నాగమ్మ. అక్కాచెల్లెళ్ళం పక్కపక్కన కూర్చున్నాం. అన్నం, రాజి కోసం వేరుగా వండిన పప్పు. చిన్నప్పటిలాగా అది నా కంచంలోంచి మిరపకాయ తీసుకుంది. నేను ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను.

ఉప్పు.

సందేహమేమీ లేదు. మీరైతే ఆ పప్పును చప్పగా ఉందని పక్కకు నెట్టేస్తారు. మూడేళ్ళుగా ఉప్పు తగలని నాలుక నాది. నీళ్ళలో ఒక్క ఉప్పు కల్లు వేసినా పట్టేస్తుంది. ఆ ముద్ద నా నోట్లో సముద్రంలా ఉంది. మింగలేదు. గోడ పక్కకు పోయి ఊసేశాను.

"ఏమైందక్కా?" అంది రాజి.

"ఇందులో ఉప్పుంది."

"లేదక్కా, నాకు తెలుస్తలేదు. గడ్డి తిన్నట్టున్నది."

దానికెట్లా తెలుస్తుంది? అన్నేళ్ళు తొక్కులతో పెరిగిన నాలుక. రోజూ నాలుగు కల్లులు తింటూ పత్యమనుకుంటోంది. ఉత్త అన్నం ముద్ద చేసి నాలుక మీద పెట్టుకున్నాను. అందులోనూ ఉంది. అంటే పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, వేసవి నుంచీ.

వంటగది గుమ్మంలో నాగమ్మ నిలబడి ఉంది. కాదనలేదు. దొంగతనం దొరికినట్టు కూడా లేదామె మొహం. "జరంత బిడ్డా" అంది, వేళ్ళు దగ్గర పెట్టి చూపించి. "శాస్త్రానికి. ఇంత కూడ లేకుంట ఎట్ల ఎక్కిస్త పొయ్యి మీద? మా ఇంట్ల ఉప్పులేని గిన్నె పొయ్యెక్కేది ఒక్క దినాలకే. పిండాల కూడుకే ఉప్పుండదు. మనిషి బతికుండంగ పిండాల కూడు వండుతరా?"

"ఆ జరంతే దాన్ని చంపుతున్నది అత్తమ్మా!"

"నేను చంపుతున్ననా? నా కోడలును పెద్దమొగోళ్ళ లెక్క కూసోబెట్టి వండి పెడుతున్న."

నేను మంచిగా చెప్పి చూశాను. మా నాయనకు ఇదే జబ్బు వస్తే మా నాయనమ్మకూ ఇదే భయమేసింది. ఆమె పత్యం వండే గిన్నెకు రోజూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేది. "ఇది చావు వంట కాదు, పసుపు గిన్నె" అని పొయ్యికి చెప్పి మరీ ఎక్కించేది. ఉప్పు మాత్రం వెయ్యలేదు. మీరూ అట్లా చెయ్యొచ్చు కదా అన్నాను.

"గది మీ ఊరి సంగతి" అంది నాగమ్మ.

అప్పుడు నా సహనం తెగింది. "నన్ను చూడుండ్రి. మూడేండ్ల నుంచి ఉప్పు ముట్టలే. నేను సచ్చిన్నా? మీ ముందర నిలబడి కొట్లాడుతున్న!"

నాగమ్మ నా వైపు చూసింది. మొహం మీద కోపం లేదు, భయం ఉంది. మెల్లగా అంది. "నువ్వు సావలే బిడ్డా. నువ్వు ఉప్పులేని పొయ్యి ముట్టించిన ఏడాదికి నీ ఇంటాయన పాయె. నాకు ఒక్కడే కొడుకు."

 రాజి చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. మా ఆయన పోయినప్పుడు ఎన్నో మాటలు పడ్డాను. మొగుణ్ణి నువ్వు వండి చంపావని మాత్రం ఎవరూ అనలేదు. నాకు ఆమె చెంప పగలగొట్టాలనిపించింది. నిజం చెప్తున్నాను, చెయ్యి లేచింది కూడా. ఆ చేత్తో పక్కనున్న పప్పుగిన్నె ఎత్తి పెరట్లోకి విసిరేశాను. అత్త మీద కోపం దుత్త మీద అంటే ఇదే. బండ మీద పడి గిన్నె సొట్టపోయింది.

వీరేశం పరుగెత్తుకొచ్చాడు. సంగతి చెప్తే తల దించుకున్నాడు. "నీకు తెలుసా?" అన్నాను.

"అమ్మ బుగులుపడుతదని ఊకున్న వదినె."

"మీ అమ్మ బుగులుపడుతదని. నీ పెండ్లాం ఉబ్బుతుంటే నీకు బుగులు కాలేదా?"

"జరంత ఉప్పుతోని ఏమైతదనుకున్న."

జరంత. ఆ ఇంట్లో అందరిదీ అదే కొలత. నాకిప్పటికీ ఎవరన్నా జరంత అంటే ఒళ్ళు మండుతుంది.

గడప దగ్గర

"దీన్ని నేను తీసుకుపోతా" అన్నాను. నాగమ్మ అడ్డం చెప్పలేదు. వీరేశం అమ్మ వైపు చూశాడు, రాజి వైపు చూశాడు, "తీస్కపో వదినె" అన్నాడు. పెళ్ళాన్ని బతికించుకోవడానికి తన ఇంటి పొయ్యి పనికిరాదని ఒప్పుకునేంత ధైర్యమన్నా ఉన్నందుకు మెచ్చుకోవాలా, ఆ పొయ్యిని మార్చలేనందుకు తిట్టాలా? నేను తిట్టాను. పడ్డాడు.

రాజి లోపలికి పోయి చీరలు మడతపెట్టుకుంది. చిన్నప్పటి నుంచీ అంతే, ఎవరు ఎటు లాగితే అటు వచ్చే పిల్ల. నాతో వస్తున్నందుకు సంతోషమో, పంపించేస్తున్నారని బాధో నాకు తెలియలేదు.

మర్నాడు బయల్దేరేటప్పుడు నాగమ్మ గడప అవతల నిలబడి, గుడ్డలో కట్టిన డబ్బా రాజి చేతిలో పెట్టింది. "బండ్ల తిను" అంది అంతే. కళ్ళు తుడుచుకుంటూ లోపలికి పోయింది. స్టేషన్‌కు వచ్చిన వీరేశం కందిపప్పు సంచీ పెట్టెలోకి ఎక్కించాడు. నేను దాన్ని మళ్ళీ ప్లాట్‌ఫారం మీదికి దింపాను. "మీ పప్పు మీ దగ్గరే పెట్టుకో" అన్నాను. రైలు కదిలేదాకా అతను ఆ సంచీ పక్కన నిలబడే ఉన్నాడు. కందిపప్పు ఏదని అడిగేవాళ్ళందరికీ ఇదే జవాబు.

మళ్ళీ వికారాబాద్

రాజి ఇప్పుడు నా దగ్గరే ఉంది. మొహం వాపు దిగి కళ్ళు కనిపిస్తున్నాయి. కాళ్ళు ఇంకా వాస్తాయి. జబ్బు పోలేదు, పోదు. డాక్టరు నాకు చెప్పినన్ని ఏళ్ళే దానికీ చెప్పాడు. వీరేశం రెండుసార్లు వచ్చి చూసి పోయాడు. నాగమ్మ రాలేదు. ఇవన్నీ తర్వాతి సంగతులు. ప్రయాణం ముగిసింది మాత్రం వికారాబాద్ స్టేషన్లోనే.

ఇంజను నీళ్ళు పట్టుకోవడానికి బండి చాలాసేపు ఆగుతుందన్నారు. తాళం చెవి ఈసారి హమాలీ చేతిలోనే ఉంది. నన్ను చూసి తనే పోయి తలుపు తీశాడు. ఆ పని ముగించుకుని ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. రాజి గుడ్డముడి విప్పింది.

డబ్బా మూత మీద పసుపు రాసి ఉంది. మధ్యలో కుంకుమ బొట్టు.

నమ్మలేదు. ముందు నేను తింటానని లాక్కుని ఒక ముద్ద నాలుక మీద పెట్టుకున్నాను. పప్పన్నంలో ఒక్క కల్లు కూడా లేదు. ఇంకో ముద్ద తిని చూశాను. లేదు.

మెత్తబడ్డానని అనుకోకండి. నాకు ఇంకా ఎక్కువ కోపమొచ్చింది. వచ్చే పసుపు, వచ్చే వంట, వేసవిలోనే వచ్చి ఉండొచ్చు కదా? ఇంటి గడప దాటిపోయే కూడు కాబట్టి, ఇక కొడుక్కు ముప్పు లేదు కాబట్టి ఉప్పు మానిందా? లేక రాత్రంతా ఆలోచించి మనసు మార్చుకుందా? అడిగితే ఆమెక్కూడా తెలియదేమో. రాజి మాత్రం ఆ మూతనే చూస్తూ కూర్చుంది.

బెంచీ అవతల ఒక నడివయసు ఆడమనిషి పిల్లను ఒళ్ళో వేసుకుని మమ్మల్ని గమనిస్తోంది. పిల్ల చెయ్యి చాపితే రాజి ఒక ముద్ద పెట్టింది. పిల్ల మొహం చిట్లించి ఊసేసింది. ఆ తల్లి వేలుతో రుచి చూసి ఉలిక్కిపడింది. నా నుదురు చూసింది. గొంతు తగ్గించి అడిగింది.

"ఎవరు పోయిండ్రమ్మా?"

నా నోట్లో జవాబు తయారుగానే ఉంది. చెప్పేలోపల రాజి డబ్బా మూత ఎత్తి ఆమె మొహం ముందు పెట్టింది. పుట్టాక మా చెల్లెలు అంత గట్టిగా మాట్లాడటం నేను వినలేదు.

"గిది కనవడ్తలేదా? పసుపున్నది, బొట్టున్నది. ఎవ్వరు పోలే. మేం బతకనీకె తింటున్నం!"

ప్లాట్‌ఫారం మీద అందరూ తిరిగి చూశారు. హమాలీ కూడా చూశాడు. ఆ ఆడమనిషి పిల్లను ఎత్తుకుని వెళ్ళిపోయింది. రాజి మూత పక్కన పెట్టి, పెద్ద ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకుంది. కష్టంగా నమిలింది.

"మస్తు చప్పగున్నదక్కా" అంది.

"చప్పగనే ఉంటది. తిను" అన్నాను.